చిన్నదానికి ఏడేళ్ళకే, పెద్దాడికి పన్నెండు దాటాక

2019 డిసెంబరులో మా చెల్లెలి గృహప్రవేశం ఫొటోలు చేతికొచ్చాయి. అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే తిప్పుతూ, మా పాపని చూపించి, "అమ్మాయ్, దీని గడ్డం ఎడం పక్కకి పోయినట్టు లేదూ?" అన్నారు. ఫొటోకి అలా నిలబడి ఉంటుందిలెండి అన్నాను. ఆవిడ ఇంకో రెండు ఫొటోలు తీసి పక్కన పెట్టారు. అన్నిట్లోనూ ఎడమకే.

రాత్రి పడుకోబోయే ముందు పాపని కూర్చోబెట్టి, పళ్ళు కరిచి చూపించమన్నాను. కుడివైపు బాగానే ఉంది. ఎడమవైపు పై పళ్ళు కింది పళ్ళకి లోపలగా పడుతున్నాయి, డబ్బా మూత ఓ పక్క లోపలికి జారినట్టు. దానికప్పుడు ఏడు నిండి నెల అయింది. రోజూ రెండుపూటలా దగ్గరుండి పళ్ళు తోమించేది నేనే, నాకు మాత్రం ఎప్పుడూ కనబడలేదు.

నిజానికి నా దిగులంతా పెద్దాడి గురించి. వాడికి అప్పుడు తొమ్మిదిన్నర. మా నాన్నగారి వైపు నుంచి వచ్చిన ఎత్తుపళ్ళు. పెదాలు మూసుకోవాలంటే కాస్త కష్టపడాలి. బళ్ళో 'కుందేలు' అంటున్నారని ఓసారి చెప్పి, ఇక చెప్పడం మానేశాడు. మానేశాడంటే అనడం మానేశారని కాదని నాకు తెలుసు, నేనూ బళ్ళో పాఠాలు చెప్పేదాన్నే. సంక్రాంతి సెలవుల్లో ఇద్దర్నీ పళ్ళ డాక్టరుకి చూపిద్దామనుకున్నాం. వాడిది వెంటనే చెయ్యాల్సిన పని, దానివి పాలపళ్ళే కదా నిదానంగా చూసుకోవచ్చని నా లెక్క. తీరా చూస్తే లెక్క సరిగ్గా తిరగబడింది.

మొదట వెళ్ళిన చోటు పేరు చెప్పను. పెద్ద బోర్డు, ఏసీ, గోడల నిండా నవ్వే మొహాలు. ఇద్దర్నీ కలిపి పది నిమిషాల్లో చూసేశారు. పెద్దాడికి వెంటనే క్లిప్పులు వేసెయ్యాలట, ఆలస్యమైతే ఎముక గట్టిపడిపోతుందట. మొత్తం నలభై వేలు, ఆ రోజే సగం కడితే పది శాతం తగ్గింపు. చిన్నదాని నోట్లోకి టార్చి వేసి, "పాలపళ్ళేనండీ, అన్నీ పడిపోయి కొత్తవొచ్చాక పదమూడేళ్ళకి తీసుకురండి" అన్నారు. ఎక్స్‌రే ఏమైనా తీస్తారా అని అడిగితే, ఇప్పుడెందుకన్నారు. మావారు అప్పటికే జేబులోంచి కార్డు తీశారు. ఇంటికెళ్ళి ఫోన్ చేస్తామని చెప్పి నేనే లేచాను. నాకేదో తెలిసిపోయి కాదు, పది శాతం మాట వినగానే చీరల కొట్లో కూర్చున్నట్టు అనిపించింది, అంతే.

ఆ రాత్రి చెల్లెలికి ఫోన్ చేశాను. అది పెళ్ళికి ముందు, ఇరవై నాలుగో ఏట క్లిప్పులు వేయించుకుంది. చిన్నప్పుడు దాని పన్ను మీద పన్ను చూసి అదృష్టం అనేవాళ్ళు మా ఇంట్లో. దానికి వైద్యం చేసినాయన అన్నారట, "పై దవడ ఇరుకమ్మా. చిన్నప్పుడే వచ్చుంటే వెడల్పు చేసి చోటు తెచ్చేవాళ్ళం. ఇప్పుడు ఎముక కలిసిపోయింది, పళ్ళు తీసి చోటు చెయ్యాలి" అని. ఏ పురుగూ పట్టని పళ్ళు నాలుగు తీయించుకుంది. రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు చక్కగానే ఉన్నాయిలెండి. "అక్కా, మామూలు పళ్ళ డాక్టరు కాదు, ఆర్థోలో, అంటే పళ్ళ వరస, దవడలు సరిచేసే చదువులో ఎండీఎస్ చేసినవాళ్ళకి చూపించు. బీడీఎస్ అయ్యాక మూడేళ్ళు అదే చదువుతారు" అంది.

అలా గుంటూరు కొత్తపేటలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. తెనాలి నుంచి బస్సులో గంట. మెట్లెక్కి వెళ్ళే పాతకాలపు గది, ప్లాస్టిక్ కుర్చీలు. మాకు ముందు ఎనిమిదేళ్ళ పిల్లవాడొకడు కూర్చున్నాడు. నుదుటి మీద ఒక మెత్త, గడ్డం మీద ఒక మెత్త, మధ్యలో కమ్మీ, దాన్నుంచి నోట్లోకి రెండు రబ్బర్లు. మా వాడు గుడ్లప్పగించి చూశాడు. వాళ్ళమ్మగారు బాపట్ల నుంచి వచ్చారు. వాడి కింది పళ్ళు పై పళ్ళని దాటి ముందుకొస్తున్నాయని, పై దవడ వెనకబడిందని, దాన్ని ముందుకి లాగుతున్నామని, రాత్రిళ్ళూ ఇంట్లో ఉన్నప్పుడూ పెట్టుకోవాలని చెప్పారు. "ఇలాంటిది తొమ్మిది, పది దాటితే లాగినా అంతగా రాదన్నారండీ, అందుకే తొందరపడ్డాం." నేను తలూపాను గానీ నాకప్పుడు అర్థం కాలేదు.

లోపల డాక్టరమ్మ పాపని కుర్చీలో పడుకోబెట్టి చేసిన పని ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. "నాలుక చివర వెనక్కి మడిచి అంగిలికి ఆనించు బంగారం. ఇప్పుడు మెల్లగా నోరు ముయ్యి. ఇంకా మెల్లగా. ఆఁ, ఆగు." పళ్ళు మొదటిసారి తగిలిన చోట ఆపింది. గడ్డం సరిగ్గా ముక్కు కింద ఉంది! పై, కింద పాల కోరపళ్ళు మొనకి మొన ఆని ఉన్నాయి. "ఇప్పుడు గట్టిగా కరువు" అనగానే కింది దవడ మొత్తం చటుక్కున ఎడమకి జారింది. మూడుసార్లు చేయించింది, మూడుసార్లూ అంతే.

"చూశారా అమ్మా, పాప గడ్డం వంకర కాదు. పై దవడ ఇరుకు. రెండూ ఎదురెదురుగా కూర్చుంటే నమలడం కుదరదు కాబట్టి కింది దవడని పక్కకి జరుపుకుంటోంది. ఇప్పటికిది అలవాటే. ఇలాగే జరుపుతూ పెరిగితే కొన్నేళ్ళకి ఎముకే అలా పెరుగుతుంది. అప్పుడిక వంకర నిజంగానే ఉంటుంది."

తర్వాత అడిగింది, "వేలు చీకేదా?"

నేను గోడకున్న క్యాలెండరు వైపు చూశాను. ఒకటో తరగతి దాకా చీకింది. అత్తయ్యగారు బొటనవేలికి వేపనూనె రాశారు. అది నూనె తుడుచుకుని మరీ చీకేది. నాలుగైదేళ్ళకి మానేస్తే మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదట. అసలు పళ్ళు వచ్చే వేళకీ కొనసాగితేనే చిక్కు. నోట్లో వేలుంటే నాలుక అంగిలికి ఆనదు, కిందే ఉండిపోతుంది. లోపల్నించి నాలుక ఒత్తిడి లేక, బయట్నించి బుగ్గలు నొక్కుతుంటే, పై దవడ ఇరుకుగా పెరుగుతుంది. పాపకి జరిగింది అదే.

"అన్నీ పాలపళ్ళే కదండీ?" అన్నాను. ఆవిడ అద్దం నా చేతికిచ్చి, నాలుగు మూలలా ఉన్న నాలుగు దవడపళ్ళు చూపించింది. అవి అసలు పళ్ళు! ఆరేళ్ళప్పుడు, ఏ పన్నూ ఊడకుండానే, పాలపళ్ళన్నిటికీ వెనకాల వచ్చేస్తాయి. ఏదీ ఊడదు కాబట్టి ఎవరూ గమనించరు, పాలపళ్ళే అనుకుని అశ్రద్ధ చేస్తే పుచ్చిపోతాయి కూడా. అవీ, ముందు పళ్ళూ వచ్చి ఉంటాయి కాబట్టే ఏడేళ్ళు మంచి వయసట, పైదీ కిందదీ ఎలా కూర్చుంటున్నాయో తెలుస్తుంది. అమెరికాలో ఆర్థోడాంటిస్టుల సంఘం కూడా ఏడేళ్ళకల్లా ఒకసారి చూపించమనే చెబుతుందట. "చూపించడం వేరు, మొదలుపెట్టడం వేరు" అంది డాక్టరమ్మ. "ఏడేళ్ళకి నా దగ్గరికొచ్చిన పిల్లల్లో చాలామందిని ఏమీ చెయ్యకుండానే పంపించేస్తాను."

పెద్దాడి వంతు వచ్చింది. చిన్న స్టీలు స్కేలు పెట్టి పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య దూరం కొలిచింది. 8 మిల్లీమీటర్లు. రెండు, మూడు ఉండాలట. వాడికి పక్కనుంచి కూడా ఎక్స్‌రే తీయించి లైటు మీద పెట్టింది. మేమంతా పై పళ్ళు ముందుకొచ్చాయనే అనుకుంటున్నాం. ఆవిడ చూపించింది కింది దవడని. అది వెనకబడి ఉంది. పై పళ్ళది సగం నేరమే.

"వీడికి మూడేళ్ళు ఆగుదాం."

మావారు ఊరుకోలేదు. "మేడమ్, ఎముక లేతగా ఉన్నప్పుడే చేస్తే మంచిది కదండీ? పాపకి మీరే ఇప్పుడే చెయ్యాలన్నారు."

మా ఇంట్లో నలుగురు అడిగితే నలుగురికీ నేనిప్పుడు అప్పజెప్పే జవాబు అదే, ఆవిడదే. పై దవడ రెండు ఎముకలు. అంగిలి మధ్యలో, ముందు నుంచి వెనక్కి పోయే గీత దగ్గర అతుక్కుని ఉంటాయి. చిన్నపిల్లల్లో ఆ అతుకు వదులుగా ఉండి, కాస్త తోస్తే తెరుచుకుంటుంది. పదిహేను, పదహారు వచ్చేసరికి చాలామందిలో బిగుసుకుపోతుంది. కాబట్టి వెడల్పు చెయ్యాలంటే ముందే. కింది దవడ సంగతి వేరు. దాన్ని మనం తోసి పెంచలేం, అది పెరిగే రోజుల్లో పక్కన నిలబడి దారి చూపించగలం. అది జోరుగా పెరిగేది పిల్లలు పొడవు సాగే కాలంలో. మగపిల్లలు మామూలుగా 12కీ 14కీ మధ్య, ఆడపిల్లలు రెండేళ్ళు ముందే. "పళ్ళని ఏ వయసులోనైనా కదపొచ్చు సార్, అరవై ఏళ్ళవాళ్ళకీ క్లిప్పులు వేస్తున్నాం. ఎముక పనికే వయసు చూసుకోవాలి."

ఇప్పుడే మొదలుపెడితే నష్టమేంటని మావారు మళ్ళీ అడిగారు. నష్టం డబ్బూ, ఓపికా. అమెరికాలోనూ ఇంగ్లండులోనూ ఇలాంటి ఎత్తుపళ్ళ పిల్లల్ని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకి తొమ్మిదేళ్ళ ఈడులో ఒకసారి, పెద్దయ్యాక ఇంకోసారి చేశారట. రెండో జట్టుకి పెద్దయ్యాకే ఒక్కసారి చేశారట. చివరికి చూస్తే రెండు జట్ల పళ్ళూ దవడలూ దాదాపు ఒకేలా వచ్చాయి. "ఒక్క తేడా మాత్రం ఉంది. ముందు చేయించుకున్నవాళ్ళకి ముందు పళ్ళు దెబ్బతినడం తగ్గింది. ఎత్తుపళ్ళ పిల్లలు పడితే మొదట తగిలేది అవే. కాబట్టి ఆటలప్పుడు మౌత్ గార్డు పెట్టించండి. ఇంకో మాట, బళ్ళో వెక్కిరింపులు వీడు తట్టుకోలేకపోతున్నాడని మీకనిపిస్తే చెప్పండి, లెక్క మారుతుంది."

వాడిని అడిగాం. "క్లిప్పులు వేస్తే కుందేలు పోయి రైలు పట్టాలంటారు" అన్నాడు. ఆగాం.

ఇక పాప సంగతి. దవడపళ్ళ సందుల్లో వారం పాటు చిన్న రబ్బరు చక్రాలు ఇరికించారు, కడియాలు దూరడానికి చోటు కోసం. ఫిబ్రవరి మూడో వారంలో పై దవడని వెడల్పు చేసే ఎక్స్‌పాండర్ అమర్చారు. అంగిలి కింద మధ్యలో ఒక స్క్రూ, దాన్నుంచి నాలుగు ఇనప కాళ్ళు, వెనక పళ్ళకి కడియాలు. పాప దానికి 'సాలీడు' అని పేరు పెట్టింది. పద్నాలుగు వేలైంది.

స్క్రూ తిప్పాల్సింది మేమే, రోజుకోసారి. సూదిలాంటి తాళం చెవి ఇచ్చారు, దానికి దారం కట్టి నా వేలికి చుట్టుకోవాలి, జారితే మింగకుండా. స్క్రూ ముందువైపు చిన్న రంధ్రం ఉంటుంది. అందులో చెవి పెట్టి గొంతువైపు నెమ్మదిగా తోస్తే, ముందువైపు ఇంకో రంధ్రం కనపడుతుంది. అది పూర్తిగా కనపడేదాకా తొయ్యాలి. తీసేటప్పుడు పొరపాటున ముందుకి లాగితే తిప్పిందంతా వెనక్కి వచ్చేస్తుంది. మొదటి రాత్రి మావారు సెల్‌ఫోన్ లైటు పట్టుకుంటే నా చెయ్యి వణికి రెండుసార్లు అలాగే చేశాను. ఒక్క తిప్పుకి పావు మిల్లీమీటరు. పాపకి నొప్పి లేదు, ముక్కు దూలం దగ్గర బిగుతుగా ఉందనేది ఓ ఐదు నిమిషాలు. క్యాలెండరులో రోజూ తిప్పాక టిక్కు పెట్టేది అదే.

మొదటి వారం మాట ముద్దగా వచ్చింది. 'స' అనబోతే ఈల. ఉప్మా రవ్వ, తోటకూర పీచు స్క్రూ మీద ఇరుక్కునేవి, సూది లేని సిరంజితో నీళ్ళు కొట్టి కడిగేదాన్ని. జంతికలు, చెరుకు, జీడి బంద్.

పదో రోజు పొద్దున్న బడికి తయారవుతూ అద్దం ముందు కెవ్వుమంది. పైన ముందు రెండు పళ్ళ మధ్య సందు! నిన్నటిదాకా లేదు. అగ్గిపుల్ల దూరేటంత. డాక్టరమ్మ ముందే చెప్పింది, ఎముకలు విడుతున్నాయనడానికి అదే గుర్తని. చెప్పినా నాకు గుండె ఝల్లుమంది. అత్తయ్యగారైతే "బాగున్న పళ్ళు పాడుచేశారు" అని ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నెలన్నరలో సందు చాలావరకు దానంతటదే మూసుకుపోయింది. మొత్తం 26 తిప్పులు, ఆరున్నర మిల్లీమీటర్లు. మార్చి 14 శనివారం నాడు స్క్రూ కదలకుండా సిమెంటు చుక్క పెట్టి బిగించేశారు. విడిన చోట కొత్త ఎముక నిండాలి కాబట్టి ఆరు నెలలు సాలీడు అలాగే ఉండాలన్నారు.

పది రోజులకి లాక్‌డౌన్. ఏప్రిల్లో కుడి కడియం ఊగడం మొదలైంది. బస్సుల్లేవు, గుంటూరులో కేసులు. వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు పంపితే, తీసెయ్యకండి, తీస్తే వెనక్కి మూసుకుపోతుంది, మెత్తటి తిండి పెట్టండి, కడియం కింద శుభ్రం చెయ్యండి అంది. జూన్‌లో వెళ్ళేదాకా రోజూ రాత్రి అది ఊడి గొంతులో పడుతుందేమోనని లేచి చూసుకునేదాన్ని. పడలేదు. వెళ్ళాక మళ్ళీ అతికించారు, సెప్టెంబరులో తీసేశారు. తీసిన రోజు డాక్టరమ్మ పాపని మళ్ళీ నాలుక మడిచి మెల్లగా నోరు ముయ్యమంది. పళ్ళు తగిలిన చోటే ఆగాయి, జారలేదు. గడ్డం ముక్కు కిందే ఉంది.

పెద్దాడిది మాత్రం నేను చేసిన తప్పు చెప్పాలి. మౌత్ గార్డు కొన్నాను. ఆన్‌లైన్లో నాలుగొందలు, వేడి నీళ్ళలో వేసి మెత్తబడ్డాక కరిచి పట్టుకుంటే నోటి ఆకారం వచ్చేది. అది టీవీ కింద సొరుగులో రబ్బరు బ్యాండ్ల మధ్య పడి ఉండేది. 2021 సంక్రాంతికి రేపల్లె దగ్గర మా పుట్టింటికి వెళ్ళాం. కనుమ రోజు సాయంత్రం సిమెంటు రోడ్డు మీద సైకిల్ పందెం. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చాడు. చెయ్యి తీయించాను. పైన కుడి ముందు పన్ను ఏటవాలుగా విరిగింది. మా నాన్న టార్చి వేసుకుని రోడ్డంతా ముక్క కోసం వెతికారు, దొరకలేదు.

ఫోన్ చేస్తే డాక్టరమ్మ మొదట అడిగింది, పన్ను మొత్తం ఊడిందా, ముక్క విరిగిందా అని. అసలు పన్ను మొత్తం ఊడితే వేరుని ముట్టుకోకుండా, కడిగి రుద్దకుండా, పాలల్లో వేసి గంటలోపు తీసుకురావాలట. ఆ సంగతి ప్రతి బళ్ళోనూ గోడ మీద రాసి పెట్టాలనిపించింది, మా బళ్ళో ఆటల మాస్టారికి నేనే చెప్పాను. వాడి అదృష్టం, నరం దాకా పోలేదు. పన్ను రంగు పదార్థంతో కట్టారు, ఏడాది పాటు మూణ్ణెల్లకోసారి ఆ పన్ను బతికే ఉందా అని పరీక్ష చేశారు.

"అప్పుడే మొదలుపెట్టి ఉంటే విరిగేది కాదాండీ?" అని అడక్కుండా ఉండలేకపోయాను.

"చెప్పలేం అమ్మా. ఆ ఒక్క విషయంలో ముందు చేసినవాళ్ళకే లాభమని మీకు చెప్పాను కదా." విసుక్కోలేదు, సముదాయించనూ లేదు. మళ్ళీ అదే వయసులో అడిగినా నేను ఆగుదామనే అంటాను. గార్డు మాత్రం సొరుగులో ఉండనివ్వను.

ఆగడమంటే మర్చిపోవడం కాదు. ఆరు నెలలకోసారి చూపించాలి, ఇంట్లో మూణ్ణెల్లకోసారి వాడి ఎత్తు కొలిచి రాయాలి. వంటింటి గుమ్మానికి పెన్సిలు గీతలు పెట్టాం. 2021 అంతా గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టుండేవి. 2022 వేసవి తర్వాత గీతకీ గీతకీ మధ్య వేలు పట్టింది. జూన్‌లో కుట్టించిన యూనిఫాం ప్యాంటు దసరాకి చీలమండ పైకొచ్చింది. ఫోన్ చేశాను. మళ్ళీ పక్కనుంచి ఎక్స్‌రే తీసి, ఆవిడ ఈసారి దవడ కాదు, మెడ ఎముకల్ని చూపించింది. పిల్లలు సాగే కాలం వచ్చిందో లేదో ఆ ఎముకల ఆకారం చెబుతుందట. కింది అంచు చదునుగా ఉండేది, ఇప్పుడు లోపలికి వంగింది. "ఇదే టైము" అంది. వాడికి పన్నెండేళ్ళ నాలుగు నెలలు.

వేసింది ట్విన్ బ్లాక్. పైన ఒకటి, కింద ఒకటి, గులాబీ రంగు దిమ్మలు. నోరు మూస్తే పైదాని ఏటవాలు మీద కిందది జారి, కింది దవడ ముందుకొచ్చి నిలబడాల్సిందే. స్కాట్లండులో విలియం క్లార్క్ అనే ఆయన 1977లో కనిపెట్టాడట, మొదట వాడింది కిందపడి ముందు పన్ను ఊడిన ఒక పిల్లవాడికట. మా వాడు ఆ కథ విని, "అయితే వాడూ సైకిలేనా?" అన్నాడు.

రోజంతా, తినేటప్పుడూ పడుకునేటప్పుడూ కూడా పెట్టుకోవాలి. మొదటి పది రోజులు చొంగ, ముద్ద మాట, అలక. ఇక్కడే నాకు ఆగినందుకు ఫలితం తెలిసింది. తొమ్మిదేళ్ళప్పుడైతే నేను వెంటపడి పెట్టించాలి. పన్నెండేళ్ళవాడు అద్దంలో తన మొహం పక్కనుంచి చూసుకుంటున్నాడు, వాడికే కావాలి. పది నెలల్లో ఎనిమిది మిల్లీమీటర్ల దూరం కాస్తా మూడైంది. పెదాలు వాటంతటవే మూసుకున్నాయి. తర్వాత పదహారు నెలలు మామూలు స్టీలు క్లిప్పులు. ఆ సంగతి అందరికీ తెలిసిందే, నెలనెలా గుంటూరు బస్సు, బిగించిన మర్నాడు పెరుగన్నం. పళ్ళేమీ తీయలేదు. ట్విన్ బ్లాక్‌కీ క్లిప్పులకీ కలిపి 56,000.

2025 జనవరిలో క్లిప్పులు తీసి రిటైనర్ ఇచ్చారు, పళ్ళు మళ్ళీ పాత చోటికి పోకుండా. ఏప్రిల్లో బంధువుల పెళ్ళిలో అన్నం తినబోతూ దాన్ని కాగితం రుమాల్లో చుట్టి ఆకు పక్కన పెట్టాడు. ఆకులతో పాటు అదీ పోయింది. తండ్రీకొడుకులిద్దరూ ఎంగిలాకుల కుప్ప దాకా వెళ్ళి, నిలబడి, తిరిగొచ్చారు. ఇంకోటి రెండున్నర వేలు.

పాప కథలో ఇంకో మలుపుంది. సాలీడు తీశాక తొమ్మిదో ఏట దాని ముందు పళ్ళు విసనకర్రలా విచ్చుకున్నాయి, మధ్యలో మళ్ళీ కాస్త సందు. చూసినవాళ్ళంతా అడిగేవాళ్ళే, అంత ఖర్చు పెట్టి ఇదేంటని. డాక్టరమ్మ మాత్రం చెయ్యి పెట్టనంది. పైన చిగుళ్ళలో కోరపళ్ళు దిగుతూ ముందు పళ్ళ వేళ్ళని తోస్తుంటాయట. ఎనిమిది నుంచి పదకొండు దాకా చాలామంది పిల్లలు ఇలాగే ఉంటారు, డాక్టర్లు దానికి 'అగ్లీ డక్లింగ్' దశ అని పేరు కూడా పెట్టుకున్నారు. కోరపళ్ళు దిగితే సందు దానంతటదే మూసుకుంటుంది. ఆ సమయంలో తొందరపడి పళ్ళు దగ్గరికి లాగితే వేళ్ళకి దెబ్బ. ఏడేళ్ళకే పట్టుబట్టి చేసినావిడ ఇప్పుడు పదకొండు దాకా ముట్టుకోనంటోంది. మా అత్తయ్యగారికి ఆవిడ మీద గౌరవం పెరిగింది అప్పుడే.

పదేళ్ళు నిండాక మాత్రం రమ్మంది. పై చిగురు మీద వేలితో తడిమింది. కుడివైపు గడ్డలా తగిలింది, కోరపన్ను దిగుతోంది. ఎడమవైపు తగల్లేదు. ఎక్స్‌రేలో చూస్తే కాస్త అడ్డదారిన వస్తోంది. ఎడమ పాల కోరపన్ను తీయించేస్తే దారి దొరికి చక్కబడే అవకాశం ఉందని, ఆ పని ఈ వయసులోనే చెయ్యాలని చెప్పింది. తీయించాం. ఏడాది దాటాక అదే దిగింది, కొంచెం ఆలస్యంగా, కానీ చోటు తప్పకుండా. అలా వదిలేసి ఉంటే పద్నాలుగేళ్ళకి చిగురు కోసి, గొలుసు కట్టి లాగాల్సి వచ్చేదేమో. తీసిన పన్నుని అత్తయ్యగారు పొట్లం కట్టి తెచ్చుకున్నారు. ఆవుపేడలో పెట్టి పెంకుల మీదకి విసరాలి కదా. మాది మూడంతస్తుల అపార్ట్‌మెంటు. చివరికి మా మరిది పెంకుటింటికి వెళ్ళినప్పుడు పని పూర్తి చేసుకొచ్చారు.

మొన్న జూన్‌లో పాపని తీసుకెళ్ళాను. పన్నెండున్నర. పై పళ్ళ మధ్య సందు లేదు, గడ్డం నిటారుగా ఉంది. కింద ముందు పన్ను ఒకటి మాత్రం కాస్త తిరిగి ఉంది. నేను బస్సులోనే క్లిప్పుల లెక్క వేసుకుంటూ వెళ్ళాను. డాక్టరమ్మ నాతో మాట్లాడలేదు, కుర్చీ పాప వైపు తిప్పుకుంది.

"నమలడానికి ఇబ్బంది లేదు, దవడకి ఇబ్బంది లేదు. ఇది అందం కోసం చేసుకునేదే. కావాలంటే ఇప్పుడు చేస్తాను, నాలుగేళ్ళ తర్వాతైనా చేస్తాను. నీకు ఇబ్బందిగా ఉందా?"

పాప అద్దం తీసుకుని, కింది పెదవి వేలితో దించి చాలాసేపు చూసుకుంది. "పదో తరగతి అయ్యాక చెప్తాను" అంది.

డాక్టరమ్మ ఫైల్లో అదే రాసింది.